నల్లమందు వార్డుల ఒక తప్పు రాత

నా నౌకరిల ఎంతమంది రోగుల గురించి రాసిన్నో లెక్క లేదు. నాడి ఇంత, జ్వరం ఇంత, ఇచ్చిన మందు ఇది. ఆ కాయితాలన్ని ఎప్పుడో చెదలు తిన్నయి. ఒక్క మాట మాత్రం ఇంకా నా కండ్ల ముందటనే ఉన్నది, నా చేతిరాతల, నీలం సిరాతోని. ఒక మనిషి పేరు ఎదురుంగ "నాటకం" అని రాసిన. ఆ మాట ఆయన పానం తీయబోయింది. తీయలే గనుకనే ఇయ్యాల నిమ్మళంగ కూసోని మీకు చెప్పగలుగుతున్న. దవాఖానల కొత్తగ కొలువుకు చేరిన పిల్లలు ఎవలన్న ఇది చదువుతుంటె, మీ కోసమే రాస్తున్ననని అనుకోండ్రి.

యాభైలు అయిపోయి అరవైలు మొదలైతున్న కాలం. నాది నల్లగొండ దిక్కు, రామన్నపేట దగ్గర ఒక పల్లె. కాంపౌండర్ పని నేర్చుకున్నంక పాలమూరు జిల్లాల ఒక తాలూకా దవాఖానకు నన్ను పంపిండ్రు. ఇరవై రెండేండ్లు ఉండొచ్చు నాకు. తెల్లకోటు తొడుక్కుంటె నేనే డాక్టరు లెక్క నడుస్తుంటి.

అప్పట్ల నల్లమందు తినుడు ఇప్పటి లెక్క చాటుమాటు పని గాదు. సర్కారు లైసెన్సు దుకాణంల అమ్ముతుండిరి. మోకాళ్ల నొప్పులని ముసలోళ్లు, నడుము నొప్పని రాళ్లు కొట్టేటోళ్లు, దగ్గు అని బండ్లు తోలేటోళ్లు పొద్దుగాలొక గోలీ, మాపటికొక గోలీ మింగుతుండిరి. కూలికి పోయే తల్లులు, ఏడ్వకుండ పండుకుంటదని పసిపిల్ల నాలికకు గూడ జరంత రాస్తుండిరి. తర్వాత సర్కారు ఆ దుకాణాలు మూసుడు మొదలువెట్టింది. మరి ఇన్నేండ్లు తిన్నోళ్ల గతి ఏంది? ఒక్కపారే బందువెడితె వాళ్ల ఒళ్లు ఏమైతది, మనసు ఏమైతది? అది చూసెతందుకు పట్నం నుంచి ఒక డాక్టరు సాబ్ మా దవాఖానకు వచ్చిండు.

నలభై దాటిన సన్నని మనిషి. ఉర్దూ, తెలుగు కలిపి మెత్తగ మాట్లాడేటోడు. దవాఖాన ఎనుక ఖాలీగ ఉన్న ఒక పెద్ద అర్రల ఎనిమిది మంచాలు ఏయించిండు. నల్లమందు మానుకుంటమని వాళ్లంతల వాళ్లే వచ్చిన ఎనిమిది మందిని చేర్చుకున్నడు. ఎప్పుడు ఇంటికి పోతనన్నా పోవచ్చని ఒక్కొక్కరికి విడిగ చెప్పి, అర్థమైందని వాళ్ల నోటితోని అనిపించుకున్నంకనే వేలిముద్ర తీసుకున్నడు. నన్ను ఆ వార్డుకు ఏసిండు. మొదటి దినం నన్ను కూసోవెట్టి చెప్పిండు.

"వీళ్లు చెడ్డోళ్లు గాదు బేటా. వీళ్ల ఒళ్లు మందుకు అలవాటు పడ్డది. ఆ అలవాటు ఒంట్ల ఏం జేస్తది, గుణంల ఏం జేస్తది, అది మనకు తెల్వాలె. చూసింది చూసినట్టు రాయి. అంతే నీ పని."

వినెటప్పుడు మస్తు అలకగ అనిపించింది.

పొద్దుగాల అందరిని తూకం వెయ్యాలె. నాడి చూడాలె. కంటిపాప ఎంత చిన్నగున్నదో చూడాలె. తిన్నరా, పండుకున్నరా, బయటికి పోయిండ్రా అని అడుగాలె. ఆ తర్వాత ఒక తమాష పరీక్ష. పళ్లెంల జొన్నలు, పెసలు కలిపి ముందట వెడితె, వాళ్లు ఏరి రెండు కుప్పలు చెయ్యాలె. నేను గడియారం పట్టుకొని చూడాలె. మందుకు ముందుగాల ఒకపారి, మందు తాగినంక ఒకపారి. మందుకు ముందు చేతులు వణికి గింజలు కింద పడుతుండె. తాగినంక చేతులు కుదురుగనే ఉంటుండె గని, ఒక్క గింజను పట్టుకొని దానికెల్లి చూసుకుంట కూసుంటుండిరి. ఏరుతున్నమన్న సంగతే యాదికుండకపోయేది.

ఆ మందు అంటె నల్లమందే, నీళ్లల్ల కలిపి సీసాలల్ల పోసి ఇస్తుంటిమి. నాలుగైదు దినాలకోపారి జర జర తగ్గిస్తుంటిమి. తగ్గించింది తెల్వకుండ మాడ్చిన బెల్లం నీళ్లతోని రంగు, నేలవేముతోని చేదు కలుపుతుంటిమి. ఏ దినం తగ్గిందో డాక్టరు సాబ్‌కు, నాకు తప్ప ఎవలికీ తెల్వదు. తగ్గించిన మర్నాడు ఆవలింతలు మొదలైతయి. ముక్కు కారుతది, కండ్లల్ల నీళ్లు తిరుగుతయి, ఒంటి మీద వెంట్రుకలు నిక్కుతయి, కడుపుల మెలివెట్టి విరేచనాలైతయి. మనిషి ఒక్క జాగల ఉండలేడు. అవన్ని రాయడానికి రిజిస్టరుల ఒక్కోదానికి ఒక్కో గడి ఉండె. అన్నిటికన్న ఆఖరి గడి "గుణం". కోపమా, ఏడుపా, మౌనమా, అబద్ధమా, నాకు తోచింది రాయాలె.

చెడగొట్టింది ఆ గడే.

ఆ ఎనిమిది మందిల మగ్గం నేసే నేతాయన ఒకడు ఉండె. ఒకదినం నేను మందు చుక్క గూడ తగ్గించలే. ఆయన మాత్రం పొద్దటి సంది "సచ్చిపోతున్న, మందుల నీళ్లు పోసిండ్రు" అని ఒకటే లొల్లి. తగ్గించిన నాడేమో హాయిగ గురక పెట్టి పండుకున్నడు. నాకు నవ్వొచ్చింది. గుణం గడిల "నాటకం" అని రాసిన. డాక్టరు సాబ్ అది చూసి, "గట్ల రాయకు. భయం గూడ ఒంట్లనే ఉంటది" అని పోయిండు. నేను చెవుల పెట్టలే. వారం పోయినంక, రాళ్లు కొట్టే ఒకాయన రుమాలు మడతల నల్లమందు గోలీ దొరికింది. ఇగ అప్పటి సంది నాకు బాగా పొగరెక్కింది. వీళ్ల మొకం చూస్తెనే అబద్ధమో నిజమో చెప్తనని అనుకున్న.

అదే వార్డుల ఆఖరి మంచం మీద ఒక గొర్లకాపరి తాత ఉండె. అరవై దాటినయి. ఎండాకాలం మందను తోలుకొని కృష్ణ ఒడ్డు దాక పోయొచ్చిన మనిషి. వార్డుల గూడ గొంగడి భుజం మీదికెల్లి తీయకపోయేది. మాట తక్కువ. మానుకుంటనని తనే అంటె బిడ్డ వెంటవెట్టుకొచ్చి చేర్పించింది. ఆమె ఊళ్లె ఎవలింట్లనో ఉండుకుంట పొద్దువూట రొట్టె పట్టుకొని వస్తుండె. చేరిన దినం "ఎందుకు మొదలువెట్టినవు తాతా?" అని అడిగితె, "కడుపుల మంట కొడుకా. పద్దెనిమిదేండ్లాయె. గోలీ ఏస్తె సల్లవడ్తది" అన్నడు. ప్రతి ఒక్కడు ఏదో ఒక సాకు చెప్తుండె గద. ఇది గూడ అసొంటిదే అనుకొని, "కారణం: అలవాటు" అని రాసిన.

ఆ దినం సంగతికి వస్త.

డాక్టరు సాబ్ పొద్దటి బస్సుకు పాలమూరు పోయిండు, ఏదో మీటింగు ఉండె. మా దవాఖాన డాక్టరు పల్లెలల్ల కలరా సూదులేసెతందుకు పోయిండు. వార్డుకు నేనే పెద్ద. తూకం వెయ్యడానికి ఒక్కొక్కరిని లేపుకుంట ఆఖరి మంచం కాడికి వచ్చిన. తాత ఎల్లకిల పండుకొని ఉన్నడు, మోకాళ్లు ముడుచుకొని.

"తాతా, లే. తూకం."

"లెవ్వస్తలేదు కొడుకా. తెల్లారంగ కడుపుల కత్తితోని పొడిచినట్టయ్యింది. అప్పటిసంది గిట్లనే ఉన్న."

ఆయన మందు తగ్గించి నాలుగు దినాలాయె. ఇగ కొత్తగ నొప్పి రావడానికి కారణం లేదు. నేను తెలివి చూపిస్తున్ననని అనుకొని అడిగిన. "ఏంది, ఇయ్యాల మందు తక్కువైందనుకుంటున్నవా?"

"మందు సంగతి గాదు బిడ్డా. ఆ నొప్పి నాకెరుకనే. ఇది ఆ నొప్పి గాదు."

సీసాల మందు గ్లాసుల పోసి ఇచ్చిన. చెయ్యి అడ్డం పెట్టిండు.

"ఒద్దు. ఏదన్న మింగితె సచ్చిపోయేటట్టున్న."

నల్లమందు తినేటాయన మందు వద్దంటున్నడు! ఎవలికైనా అక్కడనే అనుమానం రావాలె. నాకు వచ్చిన అనుమానం వేరే. నన్ను భయపెట్టి రెండింతలు పోయించుకునే ఉపాయం ఇది అనుకున్న. రిజిస్టరు తీసి వరుసగ నింపిన. ఆవలింతలు, లేవు. ముక్కు కారుడు, లేదు. వెంట్రుకలు నిక్కుడు, లేదు. విరేచనాలు, లేవు. గుణం, నాటకం. సిరా ఆరెదాక గూడ ఆగలే, మూసి పక్క మంచానికి పోయిన.

వార్డుల పనిచేసే ఆయా ఒకామె ఉండె. యాభై దాటిన ముసల్మాను ముసలామె, భర్త పోయినంక ఆ దవాఖానలనే పనికి చేరింది. చిన్నమ్మ లెక్క అందరం ఖాలా అంటుంటిమి. చదువు రాదు. పది గంటలైతుంటె, నేను మందుల అర్రల సీసాలు కడుగుతుంటె వచ్చి గుమ్మంల నిలవడ్డది.

"బేటా, ఆ గొర్ల తాతను చూసినవా?"

"చూసిన ఖాలా. మందు కోసం నాటకం."

ఆమె పోలే. చీపురు గోడకు ఆనించి లోపటికి వచ్చింది.

"మందు కోసం ఏడ్చేటోళ్లను నేను గూడ చూస్తున్న గద బేటా. మెలికలు తిరుగుతరు. లేస్తరు, కూసుంటరు, మంచం పట్టి గుంజుతరు. గీయన కదుల్తనే లేడు. మంచం కింద ఊడుస్తుంటె నా చీపురు జర మంచం కోడుకు తాకింది. ఆ మాత్రం కదులుడుకే పండ్లు కొరికిండు. కదిలితె నొప్పి అని కదుల్తలేడు."

సీసా అక్కడనే పెట్టేసిన.

పోయి చూసిన. తాత పొద్దున ఎట్ల పండుకున్నడో అట్లనే ఉన్నడు. నొసటి మీద చెమట, ముట్టుకుంటె సల్లగుంది. నాడి సన్నగ, దారం లెక్క, ఉరుకుతాంది. మెల్లగ పొట్ట మీద చెయ్యి పెట్టిన. పొట్ట మెత్తగ లేదు, చెక్క లెక్క గట్టిగ ఉన్నది. గిట్ల పొట్ట బిగుసుకుపోతె లోపట పేగు తూటువడ్డదని, కోసి కుట్టకపోతె మనిషి దక్కడని నాకు చదువు చెప్పినాయన చెప్పిండు. పరీక్షల గూడ రాసిన ఆ జవాబు. మంచి మార్కులే వచ్చినయి.

"తాతా," అని పిలిస్తె కండ్లు తెరిచి, "చెప్పిన గద కొడుకా," అన్నడు. గంతే. దాంట్ల కోపం లేదు. కోపమున్నా ఇంత బాధ కాకపోవు.

కోసే డాక్టరు మా దగ్గర లేడు. పాలమూరుకు తీసుకపోవాలె. బస్సు సాయంత్రం దాక లేదు. సడక్ మీదికి ఉరికిన. దోమల మందు కొట్టేటోళ్ల జీపు చాయ హోటల్ ముందట ఆగి ఉండె. వాళ్ల ఇన్‌స్పెక్టరు కప్పు నోటి దగ్గర పెట్టుకొని ఉన్నడు. చేతులు జోడించి సంగతి చెప్పిన. కప్పు అట్లనే బల్ల మీద పెట్టేసి, "డబ్బాలు దించుండ్రి" అని తన మనుషులకు చెప్పిండు. ఆయన ఎవలో, ఎక్కడి మనిషో మళ్ల తెలుసుకోలేకపోయిన గని, ఆయన పుణ్యాన్ని ఇప్పటిదాక యాది చేసుకుంట.

తాతను మంచం మీది జంపఖానతోనే ఎత్తి జీపుల పండవెట్టినం. ఖాలా అడుగకుండనే ఎక్కి ఆయన తల ఒళ్లె పెట్టుకున్నది. బయలెల్లుతుంటె ఆయన బిడ్డ రొట్టెల మూట పట్టుకొని గేటు కాడ ఎదురైంది.

"నాయినకేమైంది?"

"పెద్ద దవాఖానకు తీసుకపోతున్నం అక్కా, ఎక్కు. కడుపుల ఏదో అయ్యింది."

ఎక్కి కూసుంది. జర దూరం పోయినంక నా మొకం చూసుకుంట అడిగింది. "మీరు మందు తగ్గిస్తె గిట్లయ్యిందా తమ్మీ?"

తలకాయ దించుకున్న. గుంతల సడక్, జీపు ఎగిరినప్పుడల్లా తాత పండ్లు కొరుకుతున్నడు. ఖాలా ఆయన చెవుల దగ్గర, "మీ మందల పొట్టేళ్లు ఎన్ని? కుక్క పేరేంది?" అని ఒకటే అడుగుడు, నిద్రల పడనిస్తలేదు. ఆయన ఒక్కో మాట కష్టంగ చెప్తున్నడు. నేను నాడి పట్టుకొని, అది అందినంత సేపు ఊపిరి తీసుకుంటున్న.

పాలమూరుల కోసే డాక్టరు లావుపాటి మనిషి, మాట కరుకు. పొట్ట మీద ఒక్కపారి చెయ్యి పెట్టి బల్ల తయారు చెయ్యమన్నడు. తర్వాత నాకెల్లి తిరిగి, ఏమేం ఇచ్చినవు, ఎప్పుడిచ్చినవు అని అడిగిండు. నల్లమందు తినే మనిషి అని చెప్తె ఈయన గూడ నా లెక్కనే అనుకుంటడేమో అని ఒక్క గడియ ఎనుకాడిన. దాస్తె మత్తు ఇచ్చేటప్పుడు పానం మీదికొస్తదని మళ్ల నేనే అనుకొని, అంతా చెప్పి రిజిస్టరు చేతులల్ల పెట్టిన. ఆ పేజీ చూసిండు.

"అన్ని గడులల్ల లేదు, లేదు, లేదు అని రాసినవు. ఆఖరికి నాటకం అని రాసినవు. మరి పై గడులన్ని ఎవని కోసం నింపినవయ్యా?"

రిజిస్టరు నా చేతుల పెట్టి లోపటికి పోయిండు.

వరండాల ముగ్గురం కూసున్నం. ఖాలా కండ్లు మూసుకొని దువా చేసుకుంటాంది. నేను ఉండలేక ఆ బిడ్డకు అంతా చెప్పిన. పొద్దున్నే నొప్పి అని చెప్పిండని, నేను నమ్మలేదని, ఖాలా చెప్తెనే చూసిననని. తిడ్తదని అనుకున్న. కొడ్తె గూడ పడదామనుకున్న. ఆమె మూట విప్పి, జొన్నరొట్టె సగం తుంచి నా చేతుల పెట్టింది. "తిను తమ్మీ. పొద్దటిసంది ఏం తిన్నవో లేదో." ఆ ముక్క చేతులనే పట్టుకొని కూసున్న.

ఎండ వరండా దాటి గోడ ఎక్కినంక ఆ లావుపాటి డాక్టరు బయటికొచ్చిండు. మొకం తుడుచుకుంట, "పుండు. పాతది. తూటువడ్డది, కుట్టిన. గట్టి మనిషి, బతుకుతడు" అన్నడు. రెండడుగులు పోయి మళ్ల తిరిగి, "మాపటిదాక ఆగి ఉంటె నా చేతులల్ల ఏం లేకపోవు" అన్నడు.

ఆ బిడ్డ లేచి డాక్టరుకు దండం పెట్టింది. ఖాలా రెండు చేతులతోని మొకం తుడుచుకున్నది. నేను స్తంభం ఎనుకకు పోయి, చిన్న పిల్లగాని లెక్క ఎక్కెక్కి ఏడ్చిన. నెత్తి మీది బండ ఎవలో దించినట్టయ్యింది. ఏడ్చినంక ఆకలైంది. చేతుల ఉన్న రొట్టె తిన్న. గంత రుచి రొట్టె మళ్ల తినలే.

డాక్టరు సాబ్‌కు కబురందినట్టున్నది, మీటింగు కాన్నుంచి ఉరికొచ్చిండు. నౌకరి పోయిందనుకొని రిజిస్టరు తెరిచి ఆయన ముందట పెట్టిన. చదివిండు. ఎనుకకు తిప్పి మొదటి దినం పేజీ గూడ చదివిండు.

"కడుపుల మంట అని చెప్పిండా ఈయన?"

"చెప్పిండు సాబ్. నేను అలవాటు అని రాసిన."

"పద్దెనిమిదేండ్లు ఆ పుండును నల్లమందు జోకొట్టింది. మనం అలవాటును చూసినం గని పుండును చూడలే." ఆ గడి మీద వేలు పెట్టి అన్నడు. "తప్పు నీ ఒక్కనిదే గాదు. ఆ గుణం గడి గీసింది నేను."

"కొట్టెయ్యాల్నా సాబ్?"

"కొట్టెయ్యకు. ఉండనియ్యి. దాని కింద ఏం జరిగిందో రాయి."

రాసిన. పట్నం పోయిన నివేదికల గూడ ఆయన ఆ సంగతి దాచలే. కాంపౌండరు తప్పు, తన తప్పు, ఆయా చెప్పిన మాట, మూడూ రాసిండు.

కోసినంక ఒక కొత్త కష్టం. తాత ఒంటికి నల్లమందు అలవాటాయె. గాయం మానెదాక ఒక్కపారే బందువెడితె తట్టుకోలేడు. ఎంతియ్యాలె, ఎట్లియ్యాలె అని ఇద్దరు డాక్టర్లు మాట్లాడుకొని, చూసుకునేతందుకు నన్ను అక్కడనే ఉంచిండ్రు. అయిదో దినం ఆయన దిండుకు ఆనుకొని కూసున్నడు. నేను మంచం పక్కన నిలవడి, "తాతా, ఆ దినం నీ గురించి ఒక మాట రాసిన" అని చదివి వినిపించిన.

మొదట అర్థంకానట్టు చూసిండు. తర్వాత నవ్వుడు మొదలువెట్టి పొట్ట పట్టుకున్నడు. "నవ్వియ్యకు కొడుకా, కుట్లు తెగుతయి." నవ్వు ఆగినంక మెల్లగ అన్నడు. "మా ఊళ్లె గూడ గదే అంటరు. నల్లమందు తినెటోని మాట ఎవడు నమ్ముతడు? నమ్మరని నొప్పి గురించి చెప్పుడే మానేసిన. ఆ దినం నీకు చెప్పిన, పట్నం చదువు చదివినవు గద అని."

ఆ మాట నన్ను కొట్టినట్టు ఆ లావుపాటి డాక్టరు మాట గూడ కొట్టలే.

వార్డుకు వాపసు వచ్చినంక డాక్టరు సాబ్ గుణం గడిని తీసేసి "రోగి మాట" అని కొత్త గడి గీసిండు. రోగి ఏమంటె అది, ఆయన మాటలల్లనే రాయాలె. మన తీర్పు దాంట్ల ఉండొద్దు. నేతాయన అన్నదీ రాసిన. "రేపు నీళ్లే పోస్తరేమో అని ఇయ్యాలనే వణుకు పుడ్తది" అన్నడు. నేను నాటకం అనుకున్నది గదే. నల్లమందు మనిషిని ఏం జేస్తదో, గడులన్ని నింపినన్ని దినాలు తెల్వంది, వాళ్ల మాటలు రాస్తుంటె జర జర తెలిసింది. మందు ఏ దినం తగ్గుతదో అన్న భయమే సగం రోగమని, మానినంక చేతులు ఊరుకున్నా మనసు ఊరుకోదని వాళ్లే చెప్పిండ్రు. అందరు మానలే. ఇద్దరు నడుమల్నే ఇండ్లకు పోయిండ్రు. తాత మాత్రం, కడుపుల పుండు కుదురుకున్నంక, ఒక్కో మెట్టు దిగుకుంట వచ్చి మొత్తం మానిండు.

చలికాలం మొదట్ల ఎట్లున్నడో చూసి రమ్మని డాక్టరు సాబ్ నన్ను ఆయన ఊరికి పంపిండు. బస్సు దిగి చేన్లపొంట నడుస్తుంటె, ఇండ్లు ఇంకా దూరముండంగనే ఒక గొంతు వినవడ్డది. ఎవరినో దంచి తిడ్తున్నడు. దగ్గరికి పోతె తాతనే! దొడ్డి కాడ కర్ర పట్టుకొని, తడిక సరిగ కట్టలేదని అల్లున్ని దులుపుతున్నడు. వార్డుల పది మాటలు మాట్లాడని మనిషి.

బిడ్డ నన్ను చూసి ఎదురొచ్చింది, నవ్వుకుంట.

"వచ్చినవా తమ్మీ! చూడు మీ తాతను. ఆ మందు తిన్నన్నేండ్లు ఇంట్ల ఉన్నడా లేడా అన్నట్టుండె. ఇప్పుడు పొద్దుగాల లేస్తె తిట్లు, పండుకునెదాక తిట్లు. మూడు రొట్టెలు తింటున్నడు, ఉప్పు తక్కువైందంటడు. జరంత మందు వాపసిస్తవా ఏంది?"

నేను నోటుబుక్కు తీసి ఆమె మాట ఉన్నదున్నట్టు రాసుకుంటున్న. అప్పుడే తాత నన్ను గుర్తువట్టిండు. కర్ర ఎత్తి ఇంటి దిక్కు చూసి కేకేసిండు.

"గంత దూరం నుంచి పిలగాడు వస్తె మంచం ఎయ్యాలని ఎవలికీ తెల్వదా ఈ ఇంట్ల?"